శరత్-హేమంత ఋతుసంధి

శరత్-హేమంత ఋతుసంధి అనగా ఆశ్వయుజ, కార్తీక మాసాలతో కూడిన శరదృతువు ముగిసి, మార్గశిర, పుష్య మాసాలతో కూడిన హేమంత ఋతువు ప్రవేశించే కాలం. ఆంగ్ల క్యాలెండరు ప్రకారం ఇది సుమారుగా అక్టోబరు మధ్య నుండి డిసెంబరు చివరి వరకు వ్యాపించి ఉంటుంది. తెలుగునాట ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. గాలి దిక్కు మారడం, చెరువు నీటిలో కలక తేరడం, పచ్చికపై మంచు నిలవడం, వరి పొలాలు పసుపు రంగుకు తిరగడం, కొత్త పక్షులు కనిపించడం వంటి గుర్తుల ద్వారా క్రమంగా తెలుస్తుంది. ఈ గుర్తులలో అధికభాగం ఏ పరికరమూ లేకుండానే గమనించగలిగినవి. వాటి వెనుక ఉన్న కారణాలు, వ్యవసాయానికి వాటితో గల సంబంధం, విద్యార్థులు వాటిని నమోదు చేయదగిన పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

"ఆకురాలు కాలం" అనే పేరు

ఆంగ్లంలోని "ఆటమ్" అనే పదానికి శరదృతువును సమానార్థకంగా వాడడం అనువాదాలలో పరిపాటి. ఆ దారిలోనే "ఆకురాలు కాలం" అనే మాట కూడా శరత్తుకు అంటుకున్నది. తెలుగుదేశపు ప్రకృతికి ఇది సరిపడదు.

ఐరోపా, ఉత్తర అమెరికా వంటి సమశీతోష్ణ ప్రాంతాలలో సెప్టెంబరు నుండి నవంబరు వరకు మేపుల్, ఓక్, బీచ్ వంటి చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగులకు మారి రాలిపోతాయి. పగటి కాలం తగ్గడం, చలి పెరగడం అక్కడి చెట్లకు సంకేతాలు. ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నం కాగానే అంతవరకు దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. తెలుగునాట శరత్తు వానల వెన్నంటి వస్తుంది. నేలలో తేమ, చెరువుల్లో నీరు నిండుగా ఉంటాయి. ఏడాది మొత్తంలో పచ్చదనం మిక్కిలిగా కనిపించే రోజులలో ఇవి కొన్ని. నల్లమల, ఆదిలాబాదు అడవులలో టేకు, బూరుగు వంటి ఆకురాల్చే చెట్లు ఉన్నమాట నిజమే. అయితే అవి ఆకు రాల్చడానికి ప్రధాన కారణం చలి కాదు, నీటి కొరత. వానలు ఆగిన తరువాత నేల ఆరుతూ వచ్చేకొద్దీ, ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా చెట్టు తనను కాపాడుకుంటుంది. అందుచేత ఈ రాలుడు హేమంతంలో మెల్లగా మొదలై మాఘ, ఫాల్గుణ మాసాలలో, అనగా శిశిరంలో, ముమ్మరమవుతుంది. సంప్రదాయం కూడా ఆకురాలుటను శిశిరానికే చెప్పింది. నవంబరులో తమ ఊరి చెట్లు ఆకులు రాల్చడం లేదని గమనించిన విద్యార్థి తన కంటిని శంకించనక్కరలేదు.

మాసాలు, కార్తెలు, తేదీలు

ఋతువులను చాంద్రమాసాలతో లెక్కించడం వలన పరిశీలకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. చాంద్ర సంవత్సరంలో సుమారు 354 రోజులు ఉంటాయి. సౌర సంవత్సరం కంటే ఇది దాదాపు 11 రోజులు తక్కువ. ఈ లోటును పూడ్చడానికి సుమారు 32, 33 నెలలకు ఒకసారి అధికమాసం వస్తుంది. ఫలితంగా ఒకే తిథి వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు తేదీలలో పడుతుంది. ఉదాహరణకు దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2023కు, 2025కు మధ్య తేడా 23 రోజులు. "ఈ ఏడు దీపావళికి చలి లేదు" అనే మాటలో ఎంత వాతావరణం ఉన్నదో, ఎంత పంచాంగం ఉన్నదో తెలియదు. చలి నిజంగా ఆలస్యమైనదా అన్నది తేదీలు పోల్చినప్పుడే తేలుతుంది.

రైతులు ఈ చిక్కును ఏనాడో గుర్తించారు. విత్తనానికి, నాటుకు వారు మాసాల కంటే కార్తెలను ఎక్కువగా నమ్ముతారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలం ఒక కార్తె. ఇది సూర్యగమనాన్ని అనుసరించినది గనుక ఏటా ఒకటి రెండు రోజుల తేడాతో అదే తేదీకి వస్తుంది. చిత్త కార్తె అక్టోబరు 10 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24న, విశాఖ నవంబరు 6న, అనూరాధ నవంబరు 19న, జ్యేష్ఠ డిసెంబరు 2న, మూల డిసెంబరు 15న, పూర్వాషాఢ డిసెంబరు 28న ఇంచుమించుగా మొదలవుతాయి. ఋతుసంధి మొత్తం ఈ ఏడు కార్తెలలో ఇమిడిపోతుంది.

భారత వాతావరణ శాఖ విభజన వేరు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు గల కాలాన్ని అది "ఋతుపవనానంతర కాలం" గాను, జనవరి, ఫిబ్రవరి నెలలను శీతాకాలం గాను లెక్కిస్తుంది. రోజువారీ వార్తలలో వినిపించే లెక్క ఇదే.

సూర్యుడు, నీడ

ఋతువులకు మూలకారణం భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండడం. సూర్యునికి భూమి దూరం కావడం వలన చలి కలుగుతుందని కొందరు భావిస్తారు. వాస్తవానికి భూమి సూర్యునికి అత్యంత సమీపంగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే. సెప్టెంబరు 22 లేదా 23న వచ్చే విషువత్తు తరువాత మధ్యాహ్న సూర్యుడు రోజురోజుకూ దక్షిణానికి జరుగుతాడు. డిసెంబరు 21 లేదా 22 నాటికి ఆ జరుగుట ఆగుతుంది. హైదరాబాదులో ఆ రోజు పగటి కాలం సుమారు 11 గంటల 5 నిమిషాలు మాత్రమే. పుష్యమాసంలో పూస గుచ్చేటంత పొద్దు ఉండదనే సామెత ఇందువలన పుట్టినదే.

దీనిని బడి ఆవరణలోనే కొలవవచ్చు. ఒక మీటరు పొడవు గల కర్రను చదునైన నేలలో నిటారుగా పాతి, మధ్యాహ్నం పడే అతి పొట్టి నీడను కొలవాలి. హైదరాబాదు అక్షాంశం వద్ద సెప్టెంబరు 23న ఆ నీడ సుమారు 31 సెంటీమీటర్లు ఉంటుంది. డిసెంబరు 22న సుమారు 86 సెంటీమీటర్లకు పెరుగుతుంది. వారానికి ఒకసారి నీడ కొనకు మేకు కొట్టుకుంటూ పోతే సూర్యుని దక్షిణయానం నేలపై గీసినట్లు కనబడుతుంది. అతి పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకు పడదు. హైదరాబాదులో ఈ నెలల్లో అది 12 గంటలు మొదలుకొని తరువాతి పావుగంట లోపు ఏదో ఒక సమయంలో పడుతుంది.

మరొక విశేషమేమంటే, అతి తక్కువ పగలు డిసెంబరు 22 ప్రాంతంలో ఉన్నా, అతి త్వరగా సూర్యుడు అస్తమించేది ఆ రోజు కాదు. హైదరాబాదులో నవంబరు చివరి భాగంలోనే సాయంత్రం 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. డిసెంబరు చివరకు అస్తమయం మళ్ళీ కొద్దిగా ఆలస్యమవుతుంది. ఉదయం మాత్రం సూర్యోదయం జనవరి రెండవ భాగం వరకు ఆలస్యమవుతూనే పోతుంది. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వంగి ఉండడం అనే రెండు కారణాల వలన సూర్యుని మధ్యాహ్నం గడియారపు మధ్యాహ్నంతో పోలిస్తే ముందు వెనుకలవుతుంది. పంచాంగంలోని లేదా దినపత్రికలోని సూర్యోదయాస్తమయాలను నవంబరు ఒకటి నుండి వరుసగా రాసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది.

గాలులు, వానలు, తుఫానులు

వేసవి చివర నుండి నైరుతి దిక్కుగా వీచిన గాలి అక్టోబరులో సడలుతుంది. ఉత్తర భారతం చల్లబడి అక్కడ అధిక పీడనం ఏర్పడగా, వెచ్చగా ఉన్న బంగాళాఖాతంపై అల్పపీడనం నిలుస్తుంది. దానితో గాలి ఈశాన్యం నుండి వీచడం మొదలవుతుంది. నైరుతి ఋతుపవనాలు అక్టోబరు మధ్య నాటికి దేశమంతటా నిష్క్రమించడం, అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య ఋతుపవన వర్షాలు ప్రవేశించడం సాధారణ క్రమం.

ఇక్కడ తెలుగు ప్రాంతాలు రెండుగా విడిపోతాయి. తెలంగాణకు ఈ గాలి ప్రధానంగా నేల మీదుగా వచ్చే పొడిగాలి. ఆకాశం తేటపడుతుంది, వెన్నెల ప్రకాశిస్తుంది, రాత్రులు చల్లబడతాయి. కావ్యాలలో కనిపించే శరత్తు ఇదే. నెల్లూరు వైపునకు ఇదే గాలి సముద్రం మీదుగా తేమను మోసుకొస్తుంది. నైరుతి కాలం కంటే ఎక్కువ వాన అక్కడ అక్టోబరు-డిసెంబరు మధ్య కురుస్తుంది. నవంబరులో ఆదిలాబాదు విద్యార్థి "నిర్మలాకాశం" అని, నెల్లూరు విద్యార్థి "ఎడతెగని వాన" అని రాస్తే ఇద్దరూ సరిగానే రాసినట్లు. ఒకే ఋతువర్ణనను రెండు ప్రాంతాల పిల్లలచేతా వల్లె వేయించడం వలన పాఠానికి, పరిసరానికి సంబంధం తెగిపోతుంది.

ఈ సంధికాలానికి భయంకరమైన పార్శ్వం తుఫానులు. నైరుతి ఋతుపవనాలు బలంగా ఉన్నప్పుడు కింది గాలికి, పై గాలికి వేగంలోను, దిక్కులోను భేదం అధికంగా ఉండి తుఫాను గట్టిపడనివ్వదు. ఆ భేదం తగ్గి, సముద్రం ఇంకా వెచ్చగా ఉన్న అక్టోబరు, నవంబరు నెలలు తుఫానులకు అనువైనవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను వేయి మందికి పైగా ప్రాణాలను బలిగొని, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల తీరాన్ని తాకాయి. ఎత్తున సన్నని దారాల వంటి మబ్బులు వ్యాపించడం, గాలి లేకుండానే సముద్రంలో పొడవైన అలలు లేవడం తుఫాను ముందస్తు గుర్తులుగా మత్స్యకారులకు తెలుసు. అయితే ప్రాణరక్షణ విషయంలో ఇటువంటి గుర్తులపై ఆధారపడరాదు. వాతావరణ శాఖ హెచ్చరికలను, రేవుల్లో ఎగురవేసే 1 నుండి 11 వరకు గల ప్రమాద సూచికలను అనుసరించాలి.

మంచు

తెలుగులో "మంచు" అనే ఒక్క మాట పచ్చికపై నిలిచే నీటి బిందువులకు, దారి కనబడనీయని పొగమంచుకు, హిమాలయాలపై కురిసే హిమానికి కూడా వాడతారు. ఋతుపరిశీలనలో ఈ మూడింటినీ వేరుచేసి రాయడం అవసరం. తెలుగునాట హేమంతానికి సంబంధించినవి మొదటి రెండే.

మేఘాలు లేని పొడవైన రాత్రిలో నేల తన వేడిని ఆకాశంలోకి వెళ్ళగక్కి త్వరగా చల్లబడుతుంది. దానిని ఆనుకొని ఉన్న గాలిలోని తేమ గడ్డిపరకలపై, ఇనుప రేకులపై నీటిబొట్లుగా మారుతుంది. గాలి నిశ్చలంగా ఉండి, చల్లబడిన పొర మందంగా ఉంటే ఆ తేమ గాలిలోనే సన్నని బిందువులై పొగమంచు అవుతుంది. మబ్బు పట్టిన రాత్రి మంచు పడకపోవడానికి కారణం, నేల వదిలిన వేడిలో కొంత భాగాన్ని మేఘాలు తిరిగి కిందికి పంపడమే. చెట్టు కూడా ఇదే పని చేస్తుంది. తెల్లవారుజామున మైదానంలో గడ్డి తడిగా ఉండి, దట్టమైన చింతచెట్టు కింద గడ్డి పొడిగా ఉండడం ఎవరైనా చూడవచ్చు.

సాయంకాలం గ్రామాల్లో వంటపొగ పైకి లేవక ఇళ్ళ కప్పుల ఎత్తులోనే పొరగా పరచుకొనడం మరొక గుర్తు. కింది గాలి చల్లగాను, పై గాలి వెచ్చగాను ఉండడం వలన పొగ పైకి పోలేదు. నగరాలలో వాహనాల పొగ, దుమ్ము కూడా ఇలాగే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఈ నెలలు కష్టమైనవి కావడానికి ఇది ఒక కారణం.

చలి అంతటా ఒకే విధంగా ఉండదు. సముద్రం మెల్లగా చల్లబడుతుంది గనుక విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో రాత్రి చలి మితంగా ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఆదిలాబాదు ప్రాంతంలో తీవ్రంగా ఉంటుంది. తూర్పు కనుమలలో చింతపల్లికి సమీపాన, సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు పడిపోయింది. చల్లని గాలి బరువైనది గనుక కొండవాలుల నుండి జారి లోయలలో చేరుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తగ్గి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి తక్కువగా ఉన్నప్పుడు వాతావరణ శాఖ దానిని శీతల పవనంగా పరిగణిస్తుంది.

చెట్లు, పూలు, కాయలు

శరత్తుకు తొలి గుర్తు రెల్లు పూయడం. ఏటి ఒడ్డున, చెరువు గట్ల మీద తెల్లని వెంట్రుకల కుచ్చుల వంటి రెల్లుపూలు సెప్టెంబరు చివర కనిపించి అక్టోబరులో గాలికి ఎగిరిపోతాయి. తంగేడు, గునుగు పూలు విరివిగా లభించే రోజులూ ఇవే. తెలంగాణలో భాద్రపద అమావాస్య నాడు మొదలై తొమ్మిది రోజులు జరిగే బతుకమ్మ ఈ పూలతోనే పేర్చబడుతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద రాలి ఉండే పారిజాతాలు కార్తీకం గడిచేకొద్దీ తగ్గుతాయి. వాటి స్థానంలో చేమంతి, బంతి, ఊదారంగు డిసెంబరు పూలు వస్తాయి.

చేమంతి పూయడానికి చలి కంటే రాత్రి నిడివి ముఖ్యమైనది. రాత్రి ఒక మేరకు పొడవైనప్పుడు మాత్రమే అది మొగ్గ తొడుగుతుంది. పగలు, రాత్రి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయనే సంగతిని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కలపై చేసిన ప్రయోగాలతో 1920లో వెల్లడించారు. చేమంతి సాగుదారులు రాత్రిపూట దీపాలు వెలిగించి పూతను కావలసినంత ఆలస్యం చేయగలుగుతున్నారు. వీధిదీపం కింద ఉన్న చేమంతి కుండీ ఆలస్యంగా పూయడానికి కారణమూ ఇదే. రెండు కుండీలు తీసుకొని ఒకదానిని దీపం కింద, మరొకదానిని చీకటిలో ఉంచి ఈ విషయాన్ని పరీక్షించవచ్చు.

కాయల వరుస కూడా ఋతువును తెలుపుతుంది. సీతాఫలాలు అక్టోబరులో ముమ్మరంగా వచ్చి నవంబరుతో తగ్గుతాయి. కార్తీకంలో ఉసిరి కాయలు వస్తాయి. ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం ఈ మాసపు ఆచారం. తాటిపండ్ల టెంకలు పాతిన మట్టిదిబ్బల నుండి తేగలు తవ్వేది చలి ముదిరిన తరువాతనే. చింతకాయ, రేగుపండు సంక్రాంతి దగ్గర పడుతున్నదని చెబుతాయి.

హేమంతం చివర అందరూ ఎదురుచూచేది మామిడి పూత. పెరుగుదల ఆగి ముదిరిన కొమ్మలు చల్లని రాత్రుల ప్రభావంతో పూమొగ్గ వేస్తాయి. రాత్రులు చల్లబడడం ఆలస్యమైతే పూత కూడా వెనుకబడుతుంది, లేదా ఒకే చెట్టుపై విడతలు విడతలుగా వస్తుంది. పూత సమయంలో మబ్బు, దట్టమైన పొగమంచు కొనసాగితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఆశిస్తాయి. డిసెంబరు నెలలో మామిడి రైతు ఉదయం లేచి ముందుగా చూసేది ఆకాశాన్నే.

పొలాలు

ఋతుసంధి ఎంత విలువైనదో వరి పొలంలో తెలుస్తుంది. గోదావరి మండలంలో సార్వా అనీ, తెలంగాణలో వానాకాలం పంట అనీ పిలిచే వరి అక్టోబరు చివర నుండి డిసెంబరు వరకు కోతకు వస్తుంది. చేతితో కోసిన పైరును పనలుగా పరచి కొన్ని రోజులు ఎండనిచ్చి, తరువాత కుప్ప వేస్తారు. పంట పన మీద ఉన్న ఆ నాలుగు రోజులే అత్యంత ప్రమాదకరం. నాలుగు నెలల శ్రమ అప్పుడు నేలమీద పరచి ఉంటుంది. వాన పడితే గింజ రంగు మారుతుంది, నీరు నిలిస్తే పన మీదే మొలకెత్తుతుంది. తుఫానుల కాలమూ, కోతల కాలమూ ఒకటే కావడం కోస్తా రైతుకు ఏటా ఎదురయ్యే పరీక్ష. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కృష్ణా డెల్టాలో కోసిన వరి, కోయవలసిన వరి రెండూ నీట మునిగాయి.

కోతయంత్రాలు వచ్చిన తరువాత పన దశ చాలాచోట్ల లేకుండా పోయింది గానీ, ప్రమాదం పొలం నుండి కళ్ళానికి, రోడ్డుకు మారింది. యంత్రం కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో పగలు కురచ, ఎండ పలుచన, ఉదయం ఎనిమిది దాటేవరకు మంచు. ధాన్యాన్ని పొద్దెక్కిన తరువాత పరచి, పొద్దు వాలకముందే పోగుచేసి బరకాలు కప్పవలసి ఉంటుంది. రోడ్ల పక్కన కనిపించే ధాన్యపు రాశులను బాటసారులు అడ్డంకిగా చూస్తారు. ఒక్కరోజు మబ్బు పట్టినా ఆరబోత ఎన్ని రోజులు వెనుకబడుతుందో వాటి యజమానికి తెలుసు.

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న పైరులో మినుము లేదా పెసర విత్తనాలు చల్లుతారు. వరి కోసేసరికి అవి మొలకలై ఉంటాయి. నేలలో మిగిలిన తేమతోను, రాత్రి కురిసే మంచుతోను దున్నకుండానే రెండవ పంట పండుతుంది. తేమ ఎక్కువైతే విత్తనం కుళ్ళుతుంది, తక్కువైతే మొలవదు. రైతు మట్టిని చేతితో నలిపి చూసి ఆ రోజును నిర్ణయిస్తాడు. ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగళ్ళలో శనగ కూడా ఇలాగే నిలువ తేమపై అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తబడుతుంది. తెలంగాణలో పత్తి తీతలు సాగుతూ ఉంటాయి. కంది చేలు పసుపు పూత పూస్తాయి. అరకు లోయలో వలిసె చేలు నవంబరులో బంగారు రంగు పరచినట్లు కనిపిస్తాయి. సందర్శకులు ఫోటోల కొరకు వచ్చే ఈ పూలు గిరిజన రైతులకు నూనెగింజల పంట అన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది.

పక్షులు, తూనీగలు

అక్టోబరు నుండి నీటి వనరుల వద్ద కొత్త పక్షులు కనిపిస్తాయి. ప్రజలు వీటన్నిటినీ "సైబీరియా పక్షులు" అని వ్యవహరిస్తారు. ఇందులో సవరించవలసినది ఉన్నది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, సూళ్ళూరుపేట సమీపంలోని నేలపట్టులో, కొల్లేరులోని ఆటపాకలో గూళ్ళు కట్టి పిల్లలను పెంచే గూడబాతులు (పెలికాన్లు), మొదటి చోట వాటితో పాటు చేరే ఎర్రకాళ్ళ కొంగలు భారత ఉపఖండానికి చెందిన పక్షులే. వానల తరువాత చేపలు సమృద్ధిగా దొరికే చోటికి దేశంలోనే తరలి వస్తాయి. ఉత్తరాది దూరదేశాల నుండి శీతాకాలానికి వచ్చే పక్షులు ఇక్కడ గూళ్ళు కట్టవు. అవి పిల్లలను పెంచేది తమ వేసవి నివాసాలలోనే. చెట్టు మీద గూడు, గూటిలో పిల్ల కనిపిస్తే ఆ పక్షి సైబీరియాది కాదని నిశ్చయించవచ్చు.

నిజమైన దూరప్రయాణికులు వేరే ఉన్నాయి. తలపై రెండు నల్లని పట్టీలు గల పట్టీతల బాతులు టిబెట్, మంగోలియాల నుండి హిమాలయాలను దాటి వస్తాయి. సూదితోక బాతులు మధ్య, ఉత్తర ఆసియా నుండి వస్తాయి. గులాబి గోరింకలు మధ్య ఆసియా గడ్డిమైదానాల నుండి గుంపులుగా వచ్చి జొన్న చేలపై వాలతాయి. ఊళ్ళలో సులభంగా గుర్తించదగినది తోకను నిలకడ లేకుండా ఆడించే కాటుకపిట్ట. దీనిలో నలుపు, తెలుపు రంగుల పెద్దరకం ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. బూడిదరంగు వీపు, పసుపు పొట్ట గల రకాలు మాత్రం చలికాలపు అతిథులు. అదే సమయంలో వానాకాలపు చాతకం కనుమరుగవుతుంది. వానల చివర మగనెమలి తన పొడవైన పింఛపు ఈకలను రాల్చుకుంటుంది.

పక్షుల కంటే ఆశ్చర్యకరమైన ప్రయాణం తూనీగలది. అక్టోబరులో పొలాలపై, మైదానాలపై గుంపులుగా ఎగిరే పసుపురంగు తూనీగలు ఈశాన్యపు గాలి ఆసరాతో సముద్రం దాటుతాయి. మాల్దీవులలో ఏటా అక్టోబరు నుండి ఇవి వేలసంఖ్యలో దిగడాన్ని పరిశీలించిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, ఇవి భారతదేశం నుండి తూర్పు ఆఫ్రికాకు సాగే వలసలో భాగమని 2009లో ప్రతిపాదించాడు. మంచినీటి గుంట ఒక్కటీ లేని సముద్రంపై అంత దూరం పోయే ఈ కీటకం పొడవు అయిదు సెంటీమీటర్లు మించదు.

ఆకాశం, సాహిత్యం

మాసాల పేర్లు ఆకాశం నుండి వచ్చినవే. పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే మాసం కార్తీకం, మృగశిర దగ్గర ఉండేది మార్గశిరం, పుష్యమి దగ్గర ఉండేది పుష్యం. నవంబరులో పొద్దుగూకిన తరువాత తూర్పున చిన్న గుత్తిలా ఉదయించే కృత్తికలను, డిసెంబరులో వాటి వెనుకనే లేచే మృగవ్యాధుని నడుమనున్న మూడు వరుస నక్షత్రాలను పరికరం లేకుండా గుర్తించవచ్చు. డిసెంబరు 13, 14 రాత్రులలో మిథునరాశి ఉల్కాపాతం కనిపిస్తుంది.

కాళిదాసు ఋతుసంహారం గ్రీష్మంతో మొదలవుతుంది. అందులో మూడవ సర్గ శరత్తుకు, నాలుగవది హేమంతానికి చెందినవి. తెలుగు భారతంలో నన్నయ చివరి పద్యంగా ప్రసిద్ధమైనది అరణ్యపర్వంలోని శరద్రాత్రుల వర్ణనే. శరత్తులో నీరు తేటపడుతుందని కవులు చెప్పినది కల్పన కాదు. వరద తగ్గి ప్రవాహం నెమ్మదించగానే ఒండ్రు అడుగుకు దిగుతుంది. గాజుగ్లాసులో వారం వారం చెరువు నీరు పట్టి చూస్తే ఈ మార్పు తెలుస్తుంది.

పరిశీలన, నమోదు

మొక్కలు, జంతువుల జీవితంలో ఏటా పునరావృతమయ్యే ఘటనల కాలాన్ని అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఫీనాలజీ అంటారు. దీనికి పునాది సామాన్యుల దినచర్య పుస్తకాలే. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుండి చెట్ల చిగుళ్ళు, పక్షుల రాకలను రాసిపెట్టాడు. జపానులోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు తొమ్మిదవ శతాబ్దం నుండి లభిస్తున్నాయి. భూతాపం వలన పూత ముందుకు జరిగినదని చెప్పడానికి ఇటువంటి రికార్డులే నేడు ఆధారం. భారతదేశంలో చెట్ల ఋతుమార్పులను పౌరులు, పాఠశాలల చేత నమోదు చేయించే సీజన్‌వాచ్ 2010లో మొదలైంది.

పరిశీలనకు చాలా చెట్లు అక్కరలేదు. రోజూ వెళ్ళే దారిలో ఒక మామిడి, ఒక వేప లేదా ఒక బూరుగును ఎంచుకొని, ప్రతివారం ఒకే రోజున చూడడం మేలు. చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ ఉన్నవా లేవా, ఉంటే కొద్దిగానా ఎక్కువగానా అని రాస్తే చాలు. ప్రతి నమోదుకు ఆంగ్ల తేదీ, సమయం, స్థలం తప్పనిసరి. తిథి, కార్తె పక్కన రాసుకోవచ్చు. పువ్వు కనిపించని వారాన్ని కూడా "లేదు" అని రాయాలి. చూడకపోవడమూ, చూసినా లేకపోవడమూ ఒకటి కావు. పక్షి పేరు తెలియనప్పుడు ఊహించి పేరు రాయడం కంటే పరిమాణం, రంగు, ముక్కు ఆకారం, అది చేస్తున్న పని రాయడం ఉత్తమం.

"చలి ఎక్కువగా ఉన్నది" అనే వాక్యం మరుసటి ఏటికి ఉపయోగపడదు. నీడలో, నేలకు మనిషి ఎత్తున వేలాడదీసిన ఉష్ణమాపకంలో ఉదయం ఆరు గంటలకు కనిపించిన అంకె ఉపయోగపడుతుంది. ఉష్ణమాపకం లేనిచోట కూడా గడ్డిపై మంచు కనిపించిన మొదటి రోజు, పొగమంచు వలన నూరు అడుగుల దూరంలోని చెట్టు కనబడని మొదటి ఉదయం, వడ్లు కళ్ళానికి చేరిన తేదీ, పెరటి మామిడిలో మొదటి పూత కనిపించిన తేదీ అనే నాలుగింటిని ఏటా రాసిపెట్టవచ్చు. ఊరిలోని వృద్ధ రైతును అడిగితే వాటిలో రెండు మూడింటికి పూర్వపు సంవత్సరాల గుర్తులు కూడా దొరుకుతాయి. ఆ సంవత్సరాలను ఆయన తుఫానుల పేరుతోనో, పెళ్ళిళ్ళ పేరుతోనో చెబుతాడు గనుక, వాటిని తేదీలలోకి మార్చే పని విద్యార్థిది.